కాన్ఫిగరేషన్ ఫైళ్ల సవరణ: చారిత్రక పరిచయం

లక్ష్యం: కంప్యూటర్ అమరికలను ఆదేశాలతో సవరించే పద్ధతి ఏ పరిస్థితులలో పుట్టిందో, నేటికీ ఎందుకు నిలిచి ఉందో ఈ భాగం చదివాక మీరు వివరించగలుగుతారు.

1. పరిచయం

కంప్యూటర్‌ను ఎవరు వాడవచ్చు, అది ఏ భాషలో కనిపించాలి వంటి వివరాలు ఉండే ఫైళ్లను కాన్ఫిగరేషన్ ఫైళ్లు అంటారు. యునిక్స్, లినక్స్‌లలో ఇవి ఎక్కువగా 'ఈటీసీ' అనే డైరెక్టరీలో, మామూలు అక్షరాలలోనే ఉంటాయి. వీటిని ఊరి పహాణీతో పోల్చవచ్చు. చాలావాటిని ఎవరైనా చదవవచ్చు, మార్చే అధికారం మాత్రం కొందరికే ఉంటుంది. ఒక్క గడి తప్పు పడినా ఇబ్బంది చాలా దూరం పోతుంది.

2. లేమిలో పుట్టిన పద్ధతి

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ నిర్మాణం ప్రారంభించారు. అప్పట్లో వాడుకరి ముందు తెర ఉండేది కాదు, కాగితంపై అచ్చువేసే టెలిటైప్ ఉండేది. మోడల్ 33 టెలిటైప్ వేగం సెకనుకు 10 అక్షరాలే. 3,000 అక్షరాల ఫైలును చూడాలంటే 5 నిమిషాలు పట్టేది. అందుకే థాంప్సన్ రాసిన 'ఈడీ' ఎడిటర్ అడిగిన వరుసను మాత్రమే చూపేది. ఫలానా వరుసలో ఫలానా మాట మార్చమంటే మార్చేది.

తెరలు వచ్చాక, 1976లో బర్క్‌లీ విద్యార్థి బిల్ జాయ్ 'వీఐ' రూపకల్పన మొదలుపెట్టాడు. నెమ్మదైన మోడెమ్‌పై పనిచేయవలసి రావడంతో ఆదేశాలను ఒకటి రెండు మీటలకు కుదించాడు.

3. అధికారం, జాగ్రత్త

1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో 'సుడో' తయారైంది. నిర్వాహకుని అధికారాన్ని అవసరమైన పనికే ఇవ్వడం దీని ఉద్దేశం. ఎవరికి ఏ అధికారమో తెలిపే ఫైలును 'విసూడో'తో సవరిస్తారు. అది ముందు నకలు తీస్తుంది, రాసినదాని వ్యాకరణం సరిచూస్తుంది, ఆ తరువాతే అసలును మారుస్తుంది. ఏ ఫైలును ముట్టుకున్నా మీరు పాటించవలసిన క్రమం ఇదే.

4. దూరం, భాష

1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. దాని సాయంతో, అనుమతి ఉంటే, ఇబ్రహీంపట్నంలో కూర్చుని హైదరాబాదులోని సర్వర్‌లో ఒక వరుస సరిచేయవచ్చు. వచ్చిపోయేవి కొద్ది అక్షరాలే కనుక బలహీనమైన సిగ్నల్ కూడా చాలు. టెలిటైప్ నాటి పొదుపు దూరాన ఉన్నవారికి ఇలా వరమైంది.

యునికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 1992లో థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8ను రూపొందించాడు. అందువల్ల తెలుగు అక్షరాలు కూడా ఈ మామూలు ఫైళ్లలో ఇముడుతున్నాయి. లినక్స్‌లో భాషను తెలిపే వరుసను మారిస్తే, అనువాదమైన మేరకు మెనూలు తెలుగులో కనిపిస్తాయి. కనుక నల్లని తెరను చూసి, ఇది ఇంగ్లీషు మీడియం వారి విద్య అని వెనుదిరగకండి.

సారాంశం: నెమ్మదైన యంత్రాల వల్ల పుట్టిన ఈ పద్ధతి, దూరాన ఉన్నవారి చేతికి కూడా యంత్రంపై అధికారాన్ని ఇచ్చింది. ఆ అధికారానికి జాగ్రత్త తోడు కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: టెలిటైప్ వేగం 'ఈడీ' రూపకల్పనను ఎలా ప్రభావితం చేసింది?