రెండు పెట్టెల బెంగ: సైబరాబాద్ విదేశయానంలో సామాను చరిత్ర

హైదరాబాదుకు పడమట మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా పెరిగిన ఐటీ ప్రాంతం చరిత్రను భవనాలతోనో కంపెనీలతోనో భూముల ధరలతోనో చెప్పడం వాడుక. అదే చరిత్రను అక్కడి నుంచి విదేశాలకు వెళ్లిన సూట్‌కేసుల వైపు నుంచి చూస్తే మరొక క్రమం కనిపిస్తుంది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాతి పాతికేళ్లలో వేలాది మధ్యతరగతి ఇళ్లలో 'పెట్టె చేరుతుందా' అన్న ప్రశ్న 'మనిషి చేరాడా' అన్న ప్రశ్న పక్కనే స్థిరపడింది. ఈ బెంగ పైకి ఒకటిగానే కనిపించినా, ప్రయాణ మార్గం, భద్రతా నియమం, పరిహార చట్టం మారినప్పుడల్లా అది నిలిచే చోటు మారుతూ వచ్చింది. దాన్ని తట్టుకోవడానికి ఇళ్లలో పుట్టిన పద్ధతులు కూడా, పైకి చాదస్తంగా అనిపించినా, ఆయా కాలాల్లో సామాను నిజంగా ఎక్కడ తప్పిపోయేదో తెలిసినవారు చేసినట్టే ఉంటాయి.

విమానంలో పోయిన సామానుకు ఎవరు బాధ్యులన్న చర్చ ఐటీ కంటే చాలా పాతది. 1929లో కుదిరిన వార్సా ఒప్పందం అంతర్జాతీయ ప్రయాణాల్లో విమాన సంస్థ బాధ్యతకు మొదటిసారి హద్దులు గీసింది. 1934 నాటి చట్టం ద్వారా అది భారతదేశంలోనూ అమలుకు వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో బేగంపేట విమానాశ్రయం రూపుదిద్దుకున్నది కూడా ఆ దశాబ్దంలోనే. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచి విమానాలు నడిపి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. వార్సా పద్ధతిలో పరిహారాన్ని తూకం మీద లెక్కగట్టేవారు: కిలోకు 250 బంగారు ఫ్రాంకులు, ఆచరణలో సుమారు 20 అమెరికా డాలర్లు. పెట్టెలో ఏముందన్నది ఆ లెక్కకు పట్టదు, ఎంత బరువుందన్నదే పడుతుంది. పట్టుచీరల పెట్టె కంటే రుబ్బురోలున్న పెట్టెకు ఎక్కువ ముట్టే ఈ విధానం, కొద్ది మార్పులతో, 2009 దాకా భారతీయ ప్రయాణికుల నెత్తిన ఉంది.

అమెరికా వెళ్లిన తొలితరం తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు హైదరాబాదు నుంచి నేరుగా దారి లేదు. వీసా కోసం మద్రాసు, విమానం కోసం బొంబాయి లేదా ఢిల్లీ వెళ్లాల్సి వచ్చేది. బొంబాయిలో 1981లో సహార్ అంతర్జాతీయ టెర్మినల్ మొదలయ్యాక దేశీయ విమానం శాంతాక్రూజ్ వైపు దిగేది, విదేశీ విమానం సహార్ వైపు ఎక్కాల్సి ఉండేది. మధ్యలో పెట్టెలను తీసుకుని, మోసుకుని, మళ్లీ అప్పగించే బాధ్యత ప్రయాణికుడిదే. అది శ్రమే అయినా పెట్టె సగం దారి కళ్లెదుటే ఉండేది కనుక, ఆనాటి బెంగలో సామాను అదృశ్యం కావడం కంటే దొంగల భయం, కూలీలతో బేరం, కస్టమ్స్ సోదాలే పెద్దవి.

1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం అట్లాంటిక్ సముద్రం మీద పేలి 329 మంది మరణించారు. వాంకూవర్‌లో ఒక ప్రయాణికుడి పేరుమీద ఎక్కిన సూట్‌కేసు, ఆ ప్రయాణికుడు ఎక్కకుండానే టొరంటో మీదుగా ఆ విమానంలోకి చేరింది. 1988 డిసెంబరులో లాకర్‌బీ మీద పాన్ యామ్ విమానం కూలి 270 మంది చనిపోయినప్పుడు కూడా మూలం మనిషి లేని పెట్టే. పెట్టెకూ మనిషికీ పొంతన కుదిరాకే విమానం కదలాలన్న నియమం ఈ రెండు ఘోరాల తరువాత గట్టిపడింది. భారతీయ విమానాశ్రయాల్లో ఇది కొంతకాలం చాలా మోటు రూపంలో అమలైంది: నిలిపి ఉన్న విమానం దగ్గర పెట్టెలను వరుసగా పేర్చేవారు, ప్రయాణికుడు ఎక్కే ముందు తన పెట్టెను వేలితో చూపించాలి, చూపించని పెట్టె నేల మీదే ఉండిపోతుంది. ఎండలో నిలబెట్టే ఈ తతంగాన్ని అందరూ విసుక్కున్నారు గానీ, తన పెట్టె తన విమానంలోకే వెళుతోందని కళ్లారా చూసే భాగ్యం ప్రయాణికుడికి ఆ తరువాత మళ్లీ దక్కలేదు.

బెంగ సామాజిక స్థాయికి చేరింది మాత్రం 2000 సంవత్సరపు తేదీ సమస్య, అంటే వైటూకే, తెచ్చిన ఉద్యోగాలతోనే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకున్నవారు, సత్యం వంటి కంపెనీల ఉద్యోగులు 'ఆన్‌సైట్'కు, అంటే క్లయింటు ఉన్న దేశంలోనే కొంతకాలం ఉండి పనిచేయడానికి, బారులు తీరారు. అమెరికా హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితి 2001 నుంచి 2003 వరకు 1,95,000గా ఉండడం ఈ ప్రవాహాన్ని పెంచింది. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, కోరిక తీరాక 108 చేసే ఆచారం 'వీసా బాలాజీ' పేరుతో ప్రసిద్ధమైంది ఆ కాలంలోనే. వీసా చేతికొచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో మొదలయ్యే పని సర్దుడు.

అమెరికా మార్గాల్లో అప్పట్లో సామానును మొత్తం బరువుతో కాక పెట్టెల సంఖ్యతో లెక్కించేవారు: మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 32 కిలోల దాకా. ఆ దశాబ్దం ముగిసేలోపు చాలా సంస్థలు దాన్ని 23 కిలోలకు కుదించాయి. ఒక సంసారానికి కావలసినదంతా ఆ రెండు పెట్టెల్లోనే ఇమడాలి: ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ రేకులు, పోపుల డబ్బా, కందిపొడి, చింతపండు, సున్నుండలు, జంతికలు, మందులు, నాలుగు జతల ఆఫీసు బట్టలు. ఆవకాయను పాలిథీన్ కవర్లో పోసి మూతి బిగించి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పాత పేపర్లు చుట్టి, పైన తువాలు చుట్టి, నూనె కారినా బట్టలకు అంటకుండా కుక్కర్ లోపల దించడం ప్రతి ఇంటికీ వచ్చిన విద్య. తూకం యంత్రం మీద పెట్టె నిలవదు కాబట్టి మొదట మనిషి ఒక్కడే ఎక్కి, తరువాత పెట్టెను ఎత్తుకుని ఎక్కి, రెండు అంకెల తేడా తీసి, కిలో ఎక్కువైతే సున్నుండలు తీయాలా పుస్తకాలు తీయాలా అన్న వాదన అర్ధరాత్రి దాకా సాగేది.

ఆ సర్దుబాటులో కొన్ని కట్టుబాట్లు స్థిరపడ్డాయి. సర్టిఫికెట్లు, వీసా కాగితాలు, ఒక జత బట్టలు, రోజూ వేసుకునే మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. భార్యాభర్తలు కలిసి వెళితే ఒకరి బట్టల్లో సగం రెండోవారి పెట్టెలో పెట్టాలి. చిరునామా కాగితాన్ని పెట్టె మీదే కాక మూత లోపల కూడా అంటించాలి, దాని మీద దిగబోయే ఊళ్లోని స్నేహితుడి ఫోను నంబరు రాయాలి. పెట్టెకు తాడు అడ్డంగా, నిలువుగా బిగించి, పిడికి ఎర్ర రిబ్బను కట్టాలి. రెండో పెట్టె రాకపోయినా మొదటి పెట్టెతో వారం గడవాలన్న లెక్క ఇందులో ఉంది. పైన ట్యాగు ఊడిపోయిన పెట్టెను సిబ్బంది తెరిచి చూసినప్పుడు యజమాని ఎవరో తెలియాలన్న లెక్కా ఉంది. ఎర్ర రిబ్బను విలువ తెలిసేది పెట్టె తప్పినప్పుడే. ఫిర్యాదు పత్రంలో విమాన సంస్థలు పెట్టెను వర్ణించడానికి అంతర్జాతీయ పటంలోని రంగు, ఆకారాల సంకేతాలు వాడతాయి. ఆ పటం ప్రకారం చూస్తే ఒక విమానంలోని నల్ల సూట్‌కేసుల్లో చాలా భాగం ఒకే వర్ణన కిందికి వస్తాయి.

పెట్టెకు అసలు గుర్తింపు ట్యాగు. రైళ్ల కాలంలోనే, 1882లో, కెనడాలోని మాంక్టన్ వాసి జాన్ మైకేల్ లయన్స్ రెండుగా చింపుకునే సామాను చీటీకి పేటెంటు పొందాడు: సగం పెట్టెకు, సగం ప్రయాణికుడికి. నేటి విమాన ట్యాగు మీద పది అంకెలుంటాయి. మొదటిది సాధారణంగా సున్నా, తరువాతి మూడు విమాన సంస్థ సంఖ్య, ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, మిగిలిన ఆరు పెట్టె వరుస సంఖ్య. వాటి పైన గమ్యం పేరు మూడక్షరాల్లో ఉంటుంది. బోర్డింగ్ పాస్ వెనుకో పాస్‌పోర్టు మీదో అంటించే చిన్న ముక్క ఈ అంకెలనే మోస్తుంది. దాన్ని చాలామంది విమానం దిగగానే చించి పారేస్తారు గానీ, పెట్టె రాలేదని చెప్పుకోవడానికి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

గల్ఫ్, ఐరోపా సంస్థల విమానాలు హైదరాబాదు నుంచి నేరుగా నడవడం మొదలయ్యాక పెట్టె బేగంపేటలో చేయి దాటితే అమెరికాలోనే కనబడేది. బొంబాయి మోత తప్పింది, కానీ కళ్లెదుట ఉండే సగం దారి కూడా పోయింది. పెట్టె తప్పే చోటు ఇప్పుడు దుబాయి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ వంటి, విమానం మారే విమానాశ్రయాలు. అమెరికాలో మరొక మెలిక ఉంది: మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి, మళ్లీ బెల్టు మీద వేస్తేనే అవి చివరి ఊరికి వెళతాయి. ఆఖరి ఊరిదాకా ట్యాగు పడింది కదా అని చికాగోలో చేతులూపుకుంటూ వెళ్లిపోయినవారి పెట్టెలు అక్కడే మిగిలిపోతాయి.

నియమాలు కూడా భారాన్ని పెట్టె మీదికే నెట్టాయి. 2002 ముగిసేసరికి అమెరికా విమానాశ్రయాల్లో చెకిన్ సామానంతటినీ పరీక్షించడం తప్పనిసరి అయింది; అధికారుల దగ్గర తాళంచెవి ఉండే ప్రత్యేక తాళాలు మరుసటి ఏడు వచ్చాయి. ఇంట్లో బిగించిన తాళ్లు, మామూలు తాళాలు కోతకు గురయ్యేవి అయ్యాయి. 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడ్డ ద్రవ పేలుడు పదార్థాల కుట్రతో చేతిసంచిలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు వచ్చింది. నూనె తేలే ఆవకాయ, నెయ్యి సీసా అంతవరకు చేతిలో ప్రయాణించినా ఇక తప్పనిసరిగా లోపలి పెట్టెలోకే వెళ్లాలి. ఇంటివారికి అన్నిటికంటే ప్రియమైనదే అన్నిటికంటే నమ్మకం లేని దారి పట్టిందన్నమాట. తాజా కరివేపాకు అయితే ఆ దారిలోనూ చెల్లదు: నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి, 2005లో ఆ తెగులు ఫ్లోరిడాకు చేరిన అమెరికా దాన్ని రానివ్వదు.

2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పనిచేయడం మొదలై, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ట్యాగు మీది హెచ్‌వైడీ అనే మూడక్షరాలూ శంషాబాద్‌కు బదిలీ అయ్యాయి. అదే ఏడాది గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరుచుకుని ఐటీ ప్రాంతానికి విమానాశ్రయాన్ని దగ్గర చేసింది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ కూడా ఆ ఏడే మొదలై, 2023లో ఐటీ ప్రాంతపు నడిబొడ్డైన నానక్‌రామ్‌గూడకు చేరింది.

వీటన్నిటి నడుమ ఎక్కువమంది గమనించని మార్పు 2009లో జరిగింది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం చేరడంతో సామానుకు పరిహారం కిలోల లెక్క నుంచి మనిషి లెక్కకు మారింది. ఆ హద్దును 'ఎస్‌డీఆర్'లలో చెబుతారు. ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి కొన్ని ప్రధాన కరెన్సీల విలువలను కలిపి కట్టిన కొలమానం. మొదట మనిషికి 1,000గా ఉన్న ఈ హద్దు దశలవారీగా పెరిగి 2019 చివర 1,288కి, 2024 డిసెంబరు 28 నుంచి 1,519కి చేరింది. ఇది హద్దే గాని చేతికొచ్చే మొత్తం కాదు, నష్టం చూపించాలి. పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన నాటి నుంచి 21 రోజులు గడిచినా రాకపోతే పోయినట్టే లెక్క. దావాకు గడువు రెండేళ్లు. విమాన రవాణా చట్టం కిందికి వచ్చే వివాదాలనూ వినియోగదారుల ఫోరాలు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2011లో ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్ కేసులో తేల్చింది. కొత్త చట్టం పాతదాని కంటే మేలే గాని, అమ్మ పట్టిన ఆవకాయకు, పిన్ని కుట్టిన జాకెట్లకు బిల్లులు అడిగే చోట అదీ తడబడుతుంది.

అంకెల్లో చూస్తే భయానికి ఆధారం తగ్గుతూ వచ్చింది. విమానాశ్రయాలకు సమాచార వ్యవస్థలు సమకూర్చే సీటా సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 2007లో ప్రతి వెయ్యిమంది ప్రయాణికులకు 18.88 పెట్టెలు దారి తప్పడమో ఆలస్యం కావడమో దెబ్బతినడమో జరిగింది. 2024లో ఆ సంఖ్య 6.3. తప్పినవాటిలో అత్యధిక భాగం ఆలస్యంగానైనా చేరుతాయి, అసలు పోయేవి కొద్దే. అయితే తప్పిన పెట్టెల్లో సుమారు ఐదింట రెండు వంతులు విమానం మారేటప్పుడే తప్పుతున్నాయి. హైదరాబాదు నుంచి అమెరికా మార్గం సాధారణంగా ఒకటి రెండు మార్పులతో కూడినది కాబట్టి, సగటు చూపించే ధైర్యం ఈ ప్రయాణికుడికి పూర్తిగా వర్తించదు. 2022 వేసవిలో కోవిడ్ తరువాతి సిబ్బంది కొరతతో లండన్ హీత్రూ, ఆమ్‌స్టర్‌డామ్‌ విమానాశ్రయాల్లో పెట్టెలు గుట్టలుగా పడి ఉన్నప్పుడు డెల్టా సంస్థ జూలై 11న ప్రయాణికులు లేకుండా, వెయ్యి పెట్టెలతో లండన్ నుంచి డెట్రాయిట్‌కు ఒక విమానం నడిపింది.

2021 ఏప్రిల్‌లో యాపిల్ సంస్థ తెచ్చిన ఎయిర్‌ట్యాగ్, ఆ తరహా బిళ్లలు పెట్టెలోకి చేరాక ఈ చరిత్ర కొత్త దశలోకి వచ్చింది. పెట్టె ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉందని కౌంటరులోని ఉద్యోగి కంటే ముందు ప్రయాణికుడికే తెలుస్తుంది. ఒకప్పుడు విమానం పక్కన వేలితో చూపించిన పనిని ఇప్పుడు ఫోను తెర మీద చేస్తున్నారు. 2024 నవంబరులో యాపిల్ ఈ ఆచూకీని విమాన సంస్థలతో పంచుకునే వీలు కల్పించింది. అయినా ఫోను తెర మీది చుక్క ఫిర్యాదు కాదు. సామాను హాలు దాటకముందే రాయించాల్సిన 'పీఐఆర్', అంటే సామాను లోపం నివేదిక, నేటికీ దావాకు మొదటి మెట్టు. దాని మీది సంఖ్యలో మూడక్షరాల విమానాశ్రయం పేరు, రెండక్షరాల సంస్థ పేరు, ఐదంకెలు ఉంటాయి. ఆ సంఖ్యతోనే విమాన సంస్థలు తమ ఉమ్మడి వెతుకులాట వ్యవస్థ వరల్డ్‌ట్రేసర్‌లో పెట్టె కోసం గాలిస్తాయి, దొరికితే 'రష్' ట్యాగు వేసి, మనిషి లేకుండానే తరువాతి విమానంలో పంపుతాయి.