తాత్కాలిక బడి ఎన్నేళ్లుంటది?

పోస్టు జర పెద్దగుంది, ఓపికతో చదవండి.

ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట దిక్కు తండాల్లో టెంపరరీ బడి అనంగనే గుర్తొచ్చేది రేకుల షెడ్డు. టెంపరరీ అంటే నాసిరకం అని మనకు అలవాటైపోయింది. చరిత్ర చూస్తే గట్ల లేదు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనంక, గోండుల కష్టాలను అధ్యయనం చేసే పనిని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్తకు అప్పజెప్పింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో గడ్డి ఇంట్లోనే ఉన్నరు. 1943లో అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారైనయి. అంటే ముందు పంతులు, ముందు పుస్తకం. బిల్డింగు కోసం చదువు ఆగలేదు.

అది గోండు అన్నల ముచ్చట, లంబాడోళ్లకేంది అనకండి. గోండు ఇల్లు ఎట్ల కడతరో చూడండి. వెదురు తడక, దాని మీద మట్టి, పైన మందంగా గడ్డి. ఎండ లోపలికి దిగదు, వాన చప్పుడు రాదు. గడ్డి పాతబడితే వానాకాలం ముందు ఊరోళ్లే మళ్లీ కప్పుకుంటరు. మన తాతల గుడిసెలు కూడా ఇంచుమించు అంతే. రిపేరు ఊరి చేతిల ఉంది కాబట్టే అది మంచి తాత్కాలిక కట్టడం అంటున్న. 1990ల్లో ఐటీడీఏ ఏరియాల్లో నడిచిన 'మా బడి' కూడా ఊరోళ్లు వేసిచ్చిన పాకల మీదనే ఆధారపడ్డది. మన దగ్గర ఐటీడీఏ లేదు, ఆ బడీ రాలేదు.

1986 జాతీయ విద్యా విధానంతో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రైమరీ బడికి ఏ కాలంలోనైనా వాడుకునేటట్టు రెండు పెద్ద గదులు ఉండాలన్నరు. 2010 నుంచి అమలైన విద్యా హక్కు చట్టమైతే టీచరుకొక గది అన్నది. పక్కా గది వచ్చేదాకా ఏంది? అక్కడే రేకు వచ్చి కూసుంది.

నేను రెండో తరగతి దాకా అసొంటి షెడ్డులనే చదివిన. వాన కొడితే సార్ పాఠం ఆపి ఊరుకునేటోడు, ఏం చెప్పినా వినపడకపోయేది. ఒక్క రేకు లేస్తే ఊర్ల ఎవ్వరూ ముట్టకపోయేది, అది సర్కారు సొత్తు కదా. గడ్డి కప్పును ఏడాదికోసారి చూసుకునేటోళ్లే రేకును ఏండ్ల తరబడి చూడలేదు.

తప్పు రేకుది కూడా కాదు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే ఊరుంది. ఆ ఊరి బిడ్డ ఫ్రాన్సిస్ కెరె జర్మనీలో ఆర్కిటెక్చర్ చదువుకుంట తన ఊరికి బడి కట్టించిండు, 2001లో పూర్తయింది. మట్టి ఇటుక గోడలు, వాటి మీద ఇటుకల సీలింగు, దానికి పైన గాలి ఆడేటట్టు ఎత్తు మీద రేకు. వేడి గాలి సందుల నుంచి పోతది. ఊరోళ్లే మట్టి కొట్టి కట్టిన్రు. 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. గాండోది పక్కా బడే, కానీ ఆ రేకు తరీఖ షెడ్డుకూ పనికొస్తది.

కాబట్టి మన తండాకు మళ్లీ షెడ్డు సాంక్షన్ అయితే ఒద్దనకండి, ఎట్లుండాలో అడగండి. రేకు కింద తడకో, గడ్డో ఇంకో పొర. నీళ్లు రాకుండ అడుగున్నర ఎత్తు అరుగు. కూసున్న పిల్లకు బయట చెట్టు కనపడేటంత కిందికి కిటికీ. ఎండ, జల్లు ఆపే వరండా. వెల్డింగు కాకుండ బోల్టులు, పక్కా గది వచ్చినంక విప్పి ఇంకో తండాకు పట్కపోవచ్చు. రిపేరు పైసలు ఎవరి దగ్గర ఉంటయో, షెడ్డు ఏ సంవత్సరం దాకానో ముందే కాగితం మీద రాయించాలె. 2018 చట్టంతో చాలా తండాలు గ్రామ పంచాయతీలైనయి, ఈ తీర్మానం మనమే పెట్టొచ్చు.

మీ తండాల, గూడెంల ఇంకా షెడ్డుల బడి నడుస్తుంటే, అది ఏ సంవత్సరం వేసిన్రో పెద్దోళ్లను అడిగి ఇక్కడ రాయండి.