అధికారి అడిగే టీకా, అడగని టీకా

నూజివీడు తోటలో కోసిన బంగినపల్లి జపాన్ చేరాలంటే ముందు ఆవిరి గదిలోకి వెళ్లాలి. కాయ లోపలి వేడి 47.5 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు అలాగే ఉంచుతారు. యూరప్‌కైతే వేడినీళ్ల తొట్టి, అమెరికాకైతే రేడియేషన్. 2014 మే 1 నుంచి మరుసటి ఏడాది దాకా యూరోపియన్ యూనియన్ మన మామిడిని గడప తొక్కనివ్వలేదు. కారణం పండుఈగ. ఇంత శ్రమా కాయ మంచి కోసం కాదు, అవతలి దేశపు తోటల క్షేమం కోసం. పరాయి దేశాలకు వెళ్లే మనుషుల టీకాల కథ కూడా చాలాకాలం ఇదే దారిన నడిచింది.

తెలుగువాళ్లకు ఆ సంగతి విమానాల కంటే ముందే, ఓడరేవుల్లో తెలిసింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి, డెక్కు మీదే తిని పడుకుని, కూలీలు బంగాళాఖాతం దాటేవారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పని కోసం వాళ్ల ప్రయాణం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బర్మాలోని రంగూన్‌లో దిగిన ఆ కూలీలకు మశూచి టీకాలు వేసేవారు. టీకా మంచిదే. కానీ చేయి వాచి జ్వరం తగిలితే మూట మోయడం కుదరదు. అప్పు చేసి వచ్చిన మనిషికి తొలి రోజుల్లోనే కూలి పోయేది. రంగూన్ నగరం తనను తాను కాపాడుకుంది, ఖర్చు మాత్రం కూలీ భుజాన పడింది. అదే టీకా బయల్దేరే ముందు సొంత ఊళ్లో వేసి ఉంటే ఆ నొప్పేదో ఇంటిపట్టునే తీరిపోయేది.

1975 మే నెలతో మన దేశంలో మశూచి ఆగిపోయింది. 1980లో ప్రపంచం నుంచే పోయినట్టు ప్రకటించారు. దాంతో పాస్‌పోర్టు పక్కన ఉండే మశూచి టీకా కాగితం మాయమైంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు మాత్రం నేటికీ ఉంది.

ఆ కార్డు వెనకున్న మనిషి దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టిన మాక్స్ థైలర్. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1937లో 17డి టీకాను సాధించాడు. 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఈ టీకాను హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలీలో ఉన్న కేంద్ర పరిశోధనా సంస్థ తయారుచేస్తోంది. ఉగాండాకో, నైజీరియాకో ఉద్యోగానికి వెళ్లే తెలుగువాడు హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ లాంటి ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోనే దాన్ని వేయించుకోవాలి. వేసిన పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది. మునుపు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. 2016 జూలై నుంచి ఒక్క డోసే జీవితాంతం చెల్లుతోంది.

మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. అయినా ఆ జ్వరం ఉన్న దేశం నుంచి కార్డు లేకుండా వచ్చినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన ఉంది. ఈ కఠినత్వం చాలామందికి చాదస్తంగా కనిపిస్తుంది. కాదు. ఆ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమ మన దగ్గర లేనిది కాదు. కూలర్ అడుగు నీళ్లలో, పాత టైరులో, మూత లేని సిమెంటు తొట్టిలో పెరిగి ఏటా మనకు డెంగీ అంటించేది అదే. దోమ సిద్ధంగా ఉంది, జనానికి రోగనిరోధకత లేదు. లేనిదల్లా వైరస్ ఒక్కటే. 2016లో అంగోలాలో జ్వరం చెలరేగినప్పుడు అక్కడ పనిచేసి తిరిగొచ్చిన చైనా కార్మికుల్లో 11 మందికి అది తేలింది. ఆసియాలో అదే మొదటిసారి. అక్కడితో ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. అలాంటి ఒక్క ప్రయాణికుడు వానాకాలంలో నూజివీడు వీధిలో దిగితే ఏమవుతుందన్న భయంలో అతిశయం లేదు. అందుకే ఆ టీకా ఇంటి దగ్గరున్న అమ్మానాన్నల కోసం కూడా.

మరి ప్రయాణికుడి సొంత ప్రాణం కోసం? దాన్ని ఏ అధికారీ అడగడు. అందుకే అక్కడే ఎక్కువమంది ఏమరుపాటు పడతారు. ఆఫ్రికా వెళ్లేవారికి మలేరియా ముప్పు పెద్దది, నివారణ మాత్రలకు కార్డూ లేదు, తనిఖీ లేదు. ‘మనకు దోమలు కొత్తా’ అనుకుని వెళ్లడం ప్రమాదం. మలేరియా దోమ గుట్టు బయటపడింది కూడా తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కుట్టిన దోమకు అణా చొప్పున తీసుకుని ఆ పరీక్షకు ఒళ్లప్పగించిన రోగి హుసేన్ ఖాన్‌ను కూడా తలుచుకోవాలి. ఆ పరీక్ష జరిగిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం పక్కనే ఉంది. 2008 మార్చి దాకా హైదరాబాద్ నుంచి విదేశాలకు ఎగిరింది ఆ విమానాశ్రయం నుంచే. ఇంకో బంధం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్ మందు తెచ్చింది. నేడు ప్రయాణికులకు మలేరియా రాకుండా డాక్టర్లు రాసే మందుల్లో ఒకటైన డాక్సీసైక్లిన్‌దీ ఆరియోమైసిన్ లాగే టెట్రాసైక్లిన్ కుటుంబమే.

ఎదురు దిశలో వచ్చేవారి సంగతి ఇంకా తక్కువగా మాట్లాడుకుంటాం. వేసవి సెలవులకు రసాలు తినడానికి అమెరికా నుంచి అమ్మమ్మగారింటికి వచ్చే పిల్లలకు మన నీళ్లు అలవాటుండవు. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం దక్షిణాసియా ప్రయాణాలతో ముడిపడినవే. అక్కడ అనుమతి ఉన్న టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండేళ్లు నిండిన పిల్లలకే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీని ఆరు నెలల పసివాళ్లకూ వేయొచ్చు. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి గుర్తింపు ప్రకటించింది. చంటిబిడ్డతో వచ్చే తల్లిదండ్రులు దీని గురించి పిల్లల డాక్టరును అడిగి తీరాలి.

అదే కంపెనీ కోవిడ్ టీకా కోవాగ్జిన్ వేయించుకుని 2021లో అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లలు, గుర్తింపు రాకముందు పడిన అగచాట్లు ఎవరూ మరిచిపోలేదు. నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో చేరే వరకూ ఆ డోసులు చాలాచోట్ల లెక్కలోకి రాలేదు.

నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి పై చదువులకు వెళ్లేవారికి ఇప్పుడు ఎదురయ్యే చిక్కు అంతకంటే పాతది. అమెరికా విశ్వవిద్యాలయాలు ఎక్కువగా రెండు డోసుల ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) అడుగుతాయి. ప్రభుత్వ కార్యక్రమంలో చాలాకాలం తొమ్మిదో నెలలో ఇచ్చింది తట్టు టీకా ఒక్కటే. 2017లో రుబెల్లా కలిపారు, గవదబిళ్లలది ఇంకా కలపలేదు. కాబట్టి చిన్ననాటి కార్డు భద్రంగా ఉన్నా అందులో ఎంఎంఆర్ ఉండకపోవచ్చు. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం కావాలి. ఆగస్టులో తరగతులుంటే మొదటి డోసు జూన్‌లోనే పడాలి.