ప్రళయ కావేరి (పులికాట్ సరస్సు)

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య పరచుకున్న ఉప్పునీటి సరస్సు. ఈ రకం సరస్సుల్లో చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. ఆంధ్ర భాగం 2022 నుంచి తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. శ్రీహరికోట దీవి దీన్ని బంగాళాఖాతం నుంచి వేరుచేస్తుంది. 1969లో ఆ దీవిని రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నాక అక్కడి యానాది గిరిజనుల బతుకే మారిపోయింది; ఆ సంగతి చెప్పకుండా ఈ సరస్సు చరిత్ర పూర్తి కాదు.

వానాకాలంలో కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రపు నీళ్లు ముఖద్వారాల గుండా రావాలి. వాటిలో ఒకటైన రాయదొరువు దగ్గర ఇసుక మేట వేయడంతో ఆ రాకపోకలు సన్నగిల్లాయి. ఎండాకాలంలో ఉత్తర భాగం చాలామేర ఎండిపోతుంది. ఉప్పు పేరుకున్న బురద నెర్రెలిచ్చి, పడవ తిరిగిన చోట మనుషులు నడిచిపోతారు. చేపలూ రొయ్యలూ తగ్గితే మొదట దెబ్బతినేది జాలర్లే.

శీతాకాలంలో ఫ్లెమింగోలు లోతులేని నీళ్లలో తలకిందులుగా ముక్కు ముంచి, బురదను వడగట్టి మేత ఏరుకుంటాయి. వీటి పేరిట సూళ్లూరుపేటలో 2001లో మొదలైన పండుగ కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ కంటే ముందు కావలసింది ముఖద్వారాల పూడికతీత.