తెర మీద నలుపు ఎక్కడిది?

కిందటి సంక్రాంతికి మా ఇంట్లోకి ప్రొజెక్టర్ వచ్చింది. మేడ మీద గది, తెల్లటి గోడలు, తెల్లటి సీలింగు, వంద అంగుళాల తెర. పండక్కి అందరం కూర్చుని 'మాయాబజార్' పెట్టుకున్నాం. తర్వాత రంగులద్దిన ప్రతి కాదు, 1957 నాటి నలుపు తెలుపు బొమ్మే. వెన్నెల్లో పడవ పాట వచ్చేసరికి మా అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అదేంటే అమ్మాయ్, రాత్రి ఏదీ? అంతా బూడిద చల్లినట్టుందీ!" అన్నారు.

మావారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇది తక్కువ రకమని, రెండింతల ఖరీదుది కొందామని లెక్కలు మొదలెట్టారు. ఆ డబ్బు పాప కాలేజీ ఫీజుకని తీసి పెట్టింది. నాకు గుండెల్లో రాయి పడింది. అత్తగారు మాత్రం, "మా చిన్నప్పుడు డేరాలో కూడా రాత్రి రాత్రిలాగే ఉండేది" అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. చిల్లులు పడ్డ డేరాలో కనిపించిన నలుపు, ఇన్ని వేలు పోసిన మిషన్లో ఎందుకు కనిపించదు?

చదివీ, అడిగీ తెలుసుకున్నాక తేలింది ఒక్కటే. ప్రొజెక్టర్ వెలుగును వేస్తుంది, నలుపును వెయ్యలేదు. తెర మీద వెలుగు పడని చోటే మనకి నలుపు. అంటే నలుపు గదిలోంచి రావాలి. మన పెద్దవాళ్ళు దాన్ని ఎలా సంపాదించుకున్నారన్నదే నేను చెప్పబోయే చరిత్ర.

సినిమా కంటే ముందు మనకి తోలుబొమ్మలాట ఉంది. మా వైపు కాకినాడ దగ్గర మాధవపట్నం దానికి పేరుపడ్డ ఊరు. తెల్లబట్ట తెర, వెనక దీపాలు, మధ్యలో రంగులు వేసిన తోలుబొమ్మ. చిన్న దీపం వెలుగు బట్టలోంచి కనిపించాలంటే చుట్టూ చీకటి ఉండాలి. అందుకే ఆట రాత్రి మొదలై తెల్లవార్లూ సాగేది.

1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియర్ సోదరుల బొమ్మలు మొదటిసారి మన దేశంలో ఆడాయి. తర్వాత పదిహేనేళ్ళు తిరక్కుండానే బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ క్రోనోమెగాఫోన్ అనే మిషన్ తెప్పించి, ఆ బొమ్మలు పట్టుకుని శ్రీలంక, బర్మా దాకా వెళ్ళారు. ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించారు. ఊరూరా తిరిగే డేరా సినిమాలు మన పల్లెలకీ వచ్చాయి.

డేరాలో మొదటి ఆట పొద్దు గూకాకే. పగటి వెలుగుని గుడ్డ ఆపలేదు మరి. అయినా అత్తగారికి రాత్రి రాత్రిలాగే కనిపించిందంటే కారణం డేరా కాదు, ఊరు. అప్పటికి చాలా పల్లెల్లో కరెంటు లేదు. ప్రొజెక్టర్ కోసం తెచ్చుకున్న జనరేటర్ తప్ప చుట్టూ చేలల్లో ఒక్క బల్బు లేదు. తెర వెలుగు తిరిగి కొట్టడానికి తెల్లగోడ కూడా లేదు. మాసిన గుడ్డ, మట్టి నేల, నల్లటి తలలు. అత్తగారు చూసిన నలుపు ఊరి చీకటి.

'వెండితెర' అనే మాట చూడండి. తొలిరోజుల్లో దీపాలకి శక్తి చాలక, వెలుగు బాగా తిరిగి రావాలని తెరకి వెండిలా మెరిసే పూత వేసేవారు. మాట అలా పుట్టింది. తెరకి వెలుగు పెంచడం పూతతో అయింది, చీకటికి మాత్రం హాలే కావాలి. 1921లో బెజవాడలో మారుతి సినిమా హాలు వచ్చింది. పక్కా హాళ్ళు వచ్చాకే మనకి మ్యాట్నీ సుఖం. తలుపుకి లోపల బరువైన తెర, ముదురు రంగు గోడలు, వెండితెర చుట్టూ నల్లబట్ట అంచు. ఆ అంచు సోకు కోసం కాదు. పక్కన అసలైన నలుపు ఉంటే బొమ్మలోని నలుపు కూడా నల్లగా తోస్తుంది.

తర్వాత మన ఇళ్ళలోకి పెద్ద డబ్బా టీవీలొచ్చాయి. వాటిలో నల్లగా ఉండాల్సిన చోట వెలుగే పుట్టదు కాబట్టి మనకి నలుపు గురించి ఆలోచించే పని పడలేదు. ప్రొజెక్టర్ సంగతి వేరు. అందులో దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఎల్‌సీడీ రకంలో చిన్న పలకలు దాన్ని అడ్డుకోవాలి. డీఎల్‌పీ రకంలో, 1987లో అమెరికాలో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టిన బుల్లి అద్దాలు దాన్ని పక్కకి తిప్పాలి. ఏది చేసినా కాస్త వెలుగు జారుతుంది. ఖరీదు ఎక్కువైన కొద్దీ జారేది తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు చిన్న లెక్క. తెర మీద తెలుపు నూరు పాళ్ళు, మిషన్లోంచి జారిన నలుపు పాయింటు ఒకటి అనుకోండి. తేడా వెయ్యి రెట్లు. తెల్లగోడలు, సీలింగు తిరగ్గొట్టి ఒక్క పాలు వెలుగు తెర మీదకి పంపాయనుకోండి. నూటొకటిని ఒకటీ పాయింటు ఒకటితో భాగిస్తే తొంభై రెండు! వెయ్యి కాస్తా తొంభై రెండైంది. రెండింతల ఖరీదు మిషన్ తెచ్చి ఇదే గదిలో పెట్టినా వందా ఒకటి దాటదు. ఈ లెక్క కాగితం మీద వేసి మావారి కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.

"అయితే గోడలకి నల్లరంగు వేయిద్దాం" అన్నారు ఆయన. అత్తగారు ఇంతెత్తున లేచారు. ఇంటి గోడకి నలుపు అశుభమని. ఆవిడ భయాన్ని నేను తీసిపారెయ్యలేదు, ఇల్లు ఆవిడది కూడా.

ఆ వారమే భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. కింది అంతస్తులో ప్రదక్షిణ దారి ఎంత చీకటో ద్రాక్షారామం వచ్చినవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు అక్కడ నవరత్నాలు పొదిగి ఉండేవని, వాటి వెలుగులోనే నడిచేవారని చెప్పుకుంటారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆ చీకట్లో నడుస్తూ, "ఇక్కడైతే చిన్న దీపం కూడా ఎంత బాగుంటుందో" అన్నారు. బయటికొచ్చాక తనే, "నలుపొద్దులే గానీ, ముదురు నీలం వేయించుకోండి" అన్నారు.

అలాగే చేశాం. తెర గోడ, దాని ముందు సగం సీలింగు, పక్క గోడలు సగం వరకు మెరుపు లేని ముదురు నీలం. కిటికీకి దళసరి పరదా. తెర చుట్టూ నల్ల వెల్వెట్ అంచు నేనే కుట్టాను. మెనూలో 'బ్రైట్‌నెస్' అన్నది నిజానికి నలుపును సర్దేదని, తెలుపుని సర్దేది 'కాంట్రాస్ట్' అని అప్పుడే తెలిసింది. మేం చీకటి బాగా కనబడాలని బ్రైట్‌నెస్ పెంచేసి కూర్చున్నాం!

మీరు కొనే ముందు ఒక్కసారి రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పి, ప్రొజెక్టర్‌లో ఉత్త నల్లబొమ్మ వేసి చూడండి. అప్పుడు తెర బూడిదగా మెరిస్తే అది మిషన్ లోపం. అప్పుడు బాగానే ఉండి, వెలుగున్న బొమ్మ వచ్చినప్పుడు మాత్రమే నలుపు వెలిసిపోతే తప్పు గోడలది. మాది రెండూ కొంచెం కొంచెం. పూర్తి నలుపు ఇప్పటికీ రాలేదు.

ఫీజు కట్టేశాం. ఉగాదికి మళ్ళీ అదే పడవ పాట పెట్టాం. అత్తగారు చివరిదాకా కళ్ళజోడు తియ్యలేదు.