అడంగల్, 1-బి రెండూ ఎందుకు చూడాలి? ఊళ్లో మీ పొలం వాటా ఇలా చెక్ చేసుకోండి

మీరు ఉండేది సిటీలో. ఊళ్లో నాన్నగారి పొలం తోబుట్టువులందరి పేర్ల మీదకు మారింది. ఆన్‌లైన్‌లో చూస్తే మీ పేరు కనిపించింది. అంతా సరిగ్గా ఉన్నట్టేనా? కాకపోవచ్చు. పేరు ఉన్నా, ఒక సర్వే నంబర్‌లో మీ వాటా ఎక్కకపోయి ఉండొచ్చు.

ఎందుకలా?

ఒకే రైతుకు పలు సర్వే నంబర్లలో భూమి ఉంటుంది. ఒకే సర్వే నంబర్‌లో పలువురు పట్టాదారులూ ఉంటారు. డేటాబేస్ భాషలో దీన్ని ‘మెనీ టు మెనీ’ సంబంధం అంటారు. ఇలాంటి వివరాలను సాధారణంగా మూడు పట్టికల్లో ఉంచుతారు. ఒకదానిలో ఖాతాదారులు, రెండోదానిలో సర్వే నంబర్లు ఉంటాయి. మూడోది వాటిని కలిపే లింక్ పట్టిక. ఏ ఖాతాకు ఏ సర్వే నంబర్‌లో ఎంత విస్తీర్ణం ఉందో ఇందులో ఒక్కో వరుసగా నమోదవుతుంది. మీ వాటా ఉండేది ఇక్కడే.

ఒక ఉదాహరణ

సర్వే నంబర్ 45లో 3 ఎకరాలు, 61లో 1.50 ఎకరాలు ఉన్నాయనుకుందాం. ముగ్గురు తోబుట్టువులకు సమాన వాటా, ఎవరి ఖాతా వారిది. అంటే లింక్ పట్టికలో 6 వరుసలు ఉండాలి. చెల్లెలికి 61తో లింక్ పడకపోతే 5 వరుసలే ఉంటాయి. అన్నలిద్దరికీ చెరో 75 సెంట్లు ఎక్కితే మొత్తం 1.50 ఎకరాలకు సరిపోతుంది. లెక్క సరిపోయినా, చెల్లెలి 50 సెంట్లు రికార్డులో లేనట్టే.

ఏం చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమి పోర్టల్‌లో రెండు వైపుల నుంచీ చూడండి.

• 1-బి: మీ ఖాతా నంబర్‌తో వెతకండి. మీకు భూమి ఉన్న సర్వే నంబర్లన్నీ వచ్చాయా?
• అడంగల్: ఒక్కో సర్వే నంబర్‌తో వెతకండి. వాటాదారుల పేర్లన్నీ ఉన్నాయా? ఎవరి విస్తీర్ణం ఎంత?
• రెండింటినీ పట్టాదారు పాస్‌పుస్తకం, భాగపంపకాల పత్రంతో పోల్చండి.

తెలంగాణలో భూమి ఉంటే భూభారతి పోర్టల్‌లో వివరాలు చూడొచ్చు. అక్కడ విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం.

తేడా కనిపిస్తే మీసేవ ద్వారా గానీ, నేరుగా తహసీల్దార్ కార్యాలయంలో గానీ సవరణ గురించి అడగండి. పేరు, సర్వే నంబర్, రావాల్సిన విస్తీర్ణం మూడూ అర్జీలో స్పష్టంగా రాయండి. ‘నా పేరు లేదు’ అని మాత్రమే రాస్తే, ‘ఖాతాలో ఉంది కదా’ అన్న జవాబు రావొచ్చు. భూమిని అమ్మడానికో, బ్యాంకు రుణానికో వెళ్లేదాకా ఆగకుండా ఇప్పుడే చూసుకోవడం మంచిది.