మెదడులోని సన్నని ధమనుల నుంచి రక్తపు గడ్డ తీసే చికిత్స

పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో, తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టాన్ని (కాథెటర్) మెదడు దాకా పంపి, అక్కడ అడ్డుపడిన రక్తపు గడ్డను బయటికి లాగే చికిత్సను త్రాంబెక్టమీ అంటారు. మెదడు పెద్ద ధమనుల్లో దీని మేలు 2015లో తిరుగులేకుండా రుజువైంది. రెండు మిల్లీమీటర్ల లోపు వెడల్పుండే కొమ్మల విషయంలో 2025లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు నిరాశపరిచాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి ఊళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. జాతీయ రహదారి 44 మీదున్న ఆ ఊరి నుంచి గడ్డ లాగే కేంద్రాలున్న బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పెద్ద ధమని మూసుకుపోయిన ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో లెక్కగట్టారు.

మొదట వచ్చింది మందే. గడ్డను కరిగించే ఆల్టిప్లేస్‌ను మూడు గంటల లోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని 1995లో అమెరికాలో తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద ధమనిలో పొడవాటి గడ్డ ఉంటే మాత్రం మందు తరచూ ఓడిపోయేది. గడ్డను చేత్తో పట్టినట్టు లాగెయ్యాలన్న ఆలోచనకు మూలం అదే. మెలితిరిగిన తీగతో చేసిన ‘మెర్సీ’ పరికరానికి 2004లో అమెరికా అనుమతి దొరికింది. ధమని ఉబ్బులకు చికిత్స కోసం తయారైన ‘సాలిటేర్’ స్టెంట్‌ను 2008లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో హాన్స్ హెంకెస్ బృందం గడ్డ లాగడానికి వాడి చూసింది. ఈ రంగాన్ని మలుపు తిప్పింది ఆ ప్రయోగమే.

పని జరిగే తీరు ఇది. ఒక మిల్లీమీటరు కన్నా సన్నని గొట్టాన్ని సన్నని తీగ ఆధారంగా గడ్డను దాటిస్తారు. గొట్టాన్ని వెనక్కి జరపగానే లోపలి స్టెంట్ వల విచ్చుకుని గడ్డలోకి దిగుతుంది. కొన్ని నిమిషాలు ఆగి, వెనుక నుంచి రక్తాన్ని పీలుస్తూ, వలనూ గడ్డనూ కలిపి లాగేస్తారు.

2013లో మూడు పరీక్షలు ఈ చికిత్సతో అదనపు లాభం లేదన్నాయి. చాలామంది రోగుల్లో పెద్ద ధమని మూసుకుందో లేదో ముందుగా చూడకపోవడం, పాత పరికరాలు వాడటం అందుకు పెద్ద కారణాలు. ఆ లోపాలు సరిదిద్దుకుని చేసిన ‘మిస్టర్ క్లీన్’ (నెదర్లాండ్స్), దాని వెంటే వచ్చిన మరో నాలుగు పరీక్షలు 2015లో స్పష్టమైన గెలుపు చూపాయి. 2018 నాటికి, కాపాడగల మెదడు భాగం ఇంకా మిగిలి ఉందని స్కాన్‌లో తేలిన కొందరికి 24 గంటల దాకా కూడా చేయవచ్చని తెలిసింది.

ఆ ఉత్సాహంతోనే సన్నని కొమ్మల వైపు వెళ్లారు. మూడు మిల్లీమీటర్ల చిన్న వలలు తయారయ్యాయి. 2025 ఫిబ్రవరిలో ‘ఎస్కేప్-మీవో’, ‘డిస్టల్’ ఫలితాలు వెలువడ్డాయి. రెండింటిలో కలిపి వెయ్యి మందికి పైగా రోగులు. మందులతో సరిపెట్టినవారి కన్నా గడ్డ తీయించుకున్నవారు మెరుగుపడలేదు. మెదడులో హానికర రక్తస్రావం మొదటి పరీక్షలో 2.2 శాతం నుంచి 5.4కు, రెండోదానిలో 2.6 నుంచి 5.9కు పెరిగింది. సన్నని ధమని గోడ పలచన, దారి మెలికలు ఎక్కువ. వలను లాగితే ధమని కూడా సాగుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న వెంట్రుకల్లాంటి కొమ్మలు తెగుతాయి. పైగా సన్నని కొమ్మలోని చిన్న గడ్డకు మందు బాగానే పనిచేస్తుంది. గడ్డను అందుకుని లాగేస్తే చాలు అనుకునే వైద్యులకు ఇది చేదు ఫలితమే, కానీ రోగికి మేలు చేసే నిజం.

మన ప్రాంతానికి మరో చిక్కుంది. నిమ్స్ ఆసుపత్రిలో సుభాష్ కౌల్ బృందం 2002లో ప్రచురించిన హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీలో (పక్షవాత రోగుల నమోదు), మెడలోని ధమనుల కన్నా పుర్రె లోపలి ధమనులు కొవ్వు పేరుకుని ఇరుకవడమే ఎక్కువగా కనిపించింది. అలాంటి చోట గడ్డ తీసినా ధమని మళ్లీ మూసుకుపోవచ్చు. ఒక్కోసారి బెలూన్ లేదా శాశ్వత స్టెంట్ అవసరమవుతుంది.

సౌకర్యాల చరిత్రలో అనంతపురం మరీ వెనకబడి లేదు. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలయ్యాయి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో తొలిగా అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్‌కు పక్షవాతంలో వాడేందుకు 2016లో దేశంలో అనుమతి వచ్చింది. ఆల్టిప్లేస్‌లా గంటసేపు ఎక్కించే పని లేదు, ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుంది.

సమయం ఎక్కువగా పోయేది ఇంటి దగ్గరే. పెనకచెర్ల డ్యామ్ కింది పల్లెలో రాత్రి తొమ్మిదికి బాగానే పడుకున్న మనిషి తెల్లవారుజామున ఐదుకు మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి లేస్తే, వైద్యులు లెక్క మొదలుపెట్టేది తొమ్మిది నుంచే. అంటే నాలుగున్నర గంటల మామూలు మందు గడువు లేచేసరికే దాటిపోయింది. ఇంట్లోవాళ్లు పసరు మందుకో, మసాజుకో తిరిగి ఎండెక్కాక బయల్దేరితే మిగిలిన అవకాశమూ చేజారుతుంది. నేరుగా బెంగళూరు బండి ఎక్కించడమూ సరైన క్రమం కాదు. ముందు సీటీ స్కాన్, కరిగించే మందు ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. రక్తస్రావం లేదని తేలి, గడువులో ఉంటే అక్కడే ఇంజెక్షన్ వేస్తారు. ధమనులు కనిపించే సీటీ యాంజియోలో పెద్ద ధమని మూసుకున్నట్టు తేలితేనే గడ్డ లాగే కేంద్రానికి పంపుతారు.